జపాను వృద్ధులు, ఇండోనేషియా పరిచారికలు

పోయిన రంజాన్ నెలలో మన సొసైటీ సభ్యులొకరి ఇంట్లో ఇఫ్తార్ ముగిశాక ఒక మాట వచ్చింది. ఆ ఇంటి పెద్దమ్మాయి నర్సింగ్ చదివింది. జపానులో ముసలివారిని చూసుకొనే ఉద్యోగాలు ఉన్నాయట, ఆరు నెలలు భాష నేర్పి పంపిస్తారట, మూడున్నర లక్షలు కడితే చాలట అని ఎవరో ఏజెంటు వచ్చి చెప్పి వెళ్లాడు. అమ్మాయికి వెళ్లాలని ఉంది. తండ్రికి డబ్బు భయం. దాదీకి మాత్రం వేరే బాధ. "ఇంట్లో ముసల్దాన్ని నేనుండగా, ఊరుగాని ఊళ్లో ఎవరి ముసలోళ్లకో చాకిరీ చేయటానికి ఇంత చదువెందుకే బేటీ?" అని అడిగేసింది. నవ్వేవాళ్లు నవ్వారు గాని జవాబు ఒక్కరూ చెప్పలేదు. మా వైపు చూస్తే మేము "కాస్త చదివి సావనీరులో వ్రాస్తాం" అని అప్పటికి తప్పించుకున్నాం. ఆ మాట తీర్చుకోవటానికే ఈ వ్యాసం.

పరాయి దేశం నుంచి మనుషులను రప్పించుకొని వృద్ధులను, మంచాన పడినవారిని చూపించుకోవటం నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. 1960లలో, 70లలో దక్షిణ కొరియా నుంచి పదివేల మందికి పైగా నర్సులు పశ్చిమ జర్మనీ వెళ్లారు. ఆ రోజుల్లోనే కేరళ నుంచీ క్రైస్తవ అమ్మాయిలు అక్కడి ఆసుపత్రులకు, ఆశ్రమాలకు వెళ్లారు. ఇశ్రాయేలులో 1988లో సంరక్షణ బీమా చట్టం అమలులోకి వచ్చిన తర్వాత ఫిలిప్పీన్సువారు, వారి వెనుక మలయాళీలు, కొందరు తెలుగువాళ్లు కూడా అక్కడి ఇళ్లలో వృద్ధుల దగ్గర పనికి కుదిరారు. తైవాను 1992లో తలుపు తెరిచింది. అదే ఏడు కెనడా ఒక పథకం పెట్టి, రెండేళ్లు యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసినవారికి స్థిరనివాసానికి దరఖాస్తు పెట్టుకొనే హక్కు ఇచ్చింది. యజమాని ఇంట్లోనే ఉండాలన్న షరతు 2014లో తీసేశారు.

అంత దూరం ఎందుకు? మన కడప, రాయచోటి వైపునుంచి, గోదావరి జిల్లాలనుంచి కువైటు వెళ్లిన ఆడవాళ్లను అడిగి చూడండి. వీసా మీద ఉన్నది ఇంటిపని. అక్కడ వారిలో ఎంతోమంది చేసినది ఆ ఇంటి ముసలమ్మకు అన్నం తినిపించటం, స్నానం చేయించటం, రాత్రి లేచి పక్క మార్చటం. ఆ పనికి పేరు లేదు, నేర్పినవాళ్లు లేరు, నేర్చుకున్నందుకు కాగితం ముక్క లేదు. పదేళ్లు చేసి తిరిగివచ్చిన ఖాలా ఇక్కడ మళ్లీ "ఏమీ రాని మనిషి"యే.

మేము జపాను సంగతిని ఎంచుకోవటానికి కారణం ఇదే. ఆ పనికి అక్కడ ఒక పేరుంది, చదువుంది, ప్రభుత్వ పరీక్ష ఉంది. ఇంకొక కారణం, ఆ పనికోసం ప్రభుత్వ ఒప్పందం మీద అక్కడికి అందరికంటే ముందు వెళ్లినవారు ఇండోనేషియావారు. వారిలో ఎక్కువమంది ముస్లిములు. వారు పడిన పాట్లు మన పిల్లలకు పనికి వస్తాయి.

జపానులో కూడా ఒకప్పుడు ముసలివారి సేవ అంటే కోడలి పనే. అక్కడి కోడలి పాట్లు మనవాళ్ల పాట్లకు తీసిపోయేవి కావు. 1963లో వృద్ధుల సంక్షేమ చట్టం చేసి ప్రత్యేక సంరక్షణ గృహాలు పెట్టారు గాని, పెద్దవాళ్లను అక్కడ చేర్చటం పరువు తక్కువ. 1972లో అరియోషి సవాకో అనే రచయిత్రి ఒక నవల వ్రాసింది. మతి తప్పిన మామగారిని ఉద్యోగం చేసుకొనే కోడలు సాకటమే అందులో కథ. పుస్తకం లక్షల కాపీలు పోయింది. ఇంటింటా గుట్టుగా జరిగే సంగతి అప్పుడు బజారులో పడింది. మరుసటి ఏడు, 1973లో, ప్రభుత్వం 70 ఏళ్లు దాటినవారికి వైద్యం ఉచితం చేసింది. దాంతో ఏం జరిగిందయ్యా అంటే, రోగమేమీ లేకపోయినా ముసలివారిని ఏళ్ల తరబడి ఆసుపత్రి మంచాల మీదే ఉంచేయటం మొదలైంది. వృద్ధాశ్రమంలో చేర్చామంటే నామోషీ గాని ఆసుపత్రిలో ఉన్నారంటే ఎవరూ ఏమీ అనరు కదా!

ఈలోగా లెక్క పెరుగుతూ వచ్చింది. 1970లో ఆ దేశంలో నూటికి ఏడుగురు 65 ఏళ్లు దాటినవారు. 1994కి పద్నాలుగు మంది, 2007కి ఇరవై ఒక్కరు. ఇప్పుడు ఇరవై తొమ్మిది దాకా వచ్చింది. 1987లో చట్టం చేసి ఈ సేవకు ఒక వృత్తి హోదా కల్పించారు. వారి భాషలో వృద్ధుల, వికలాంగుల సంరక్షణను 'కైగో' అంటారు. పరీక్ష ప్యాసైన పరిచారకునికి 'కైగో ఫుకుషిషి' అని బిరుదు. తర్వాత 2000 ఏప్రిల్ 1న సంరక్షణ బీమా వచ్చింది. నలభై ఏళ్లు నిండిన ప్రతివారూ చందా కట్టాలి. ముసలితనంలో అవసరం పడితే పురపాలక సంఘంవారు వచ్చి పరీక్షించి, ఎంత సాయం కావాలో తరగతి నిర్ణయిస్తారు. ఖర్చులో పదో వంతు మనిషి పెట్టుకుంటే మిగతాది బీమా భరించేది. తర్వాతి కాలంలో ఆదాయం ఎక్కువ ఉన్నవారికి ఆ వంతు పెంచారు.

ఇందులో ఒక చిన్న విషయం మాకు చాలా నచ్చింది. ఇంట్లో సేవచేసే వారికి నగదు ఇద్దామని చర్చ వచ్చినప్పుడు అక్కడి మహిళా సంఘాలు వద్దంటే వద్దన్నాయి. డబ్బు ఇస్తే మళ్లీ కోడలినే మంచం పక్కన కూర్చోబెడతారు, సేవ చేసే మనుషులను పంపండి అని పట్టుబట్టాయి. ప్రభుత్వం ఆ మాటే విన్నది. కనుక డబ్బు కాదు, మనిషి రావాలి. మరి ఆ మనుషులేరీ? పని బరువు, జీతం తక్కువ, నడుము నొప్పులు ఎక్కువ. వచ్చిన జపాను పిల్లలు వచ్చినట్టే మానేసి వేరే ఉద్యోగాలు చూసుకున్నారు.

పై దేశపు పరిచారకులు రావటం కూడా విచిత్రంగానే జరిగింది. మనుషులు కావాలని జపాను నోరు తెరిచి అడగలేదు. ఫిలిప్పీన్సుతో 2006లో, ఇండోనేషియాతో 2007 ఆగస్టులో ఆర్థిక భాగస్వామ్య ఒప్పందాలు కుదిరాయి. సుంకాలు, పెట్టుబడులు, ఇంధన సరఫరా వంటి సంగతుల మధ్య, అవతలివారి కోరిక మీద నర్సులు, పరిచారకులు ఒక పద్దుగా చేరారు. ఇది మా మనుషుల కొరత తీర్చుకోవటానికి కాదు సుమా, ఒప్పందం ప్రకారం ప్రత్యేకంగా ఇస్తున్న అనుమతి మాత్రమే అని జపాను ప్రభుత్వం పదే పదే చెప్పింది. ఫిలిప్పీన్సు సెనేటులో ఆమోదం ఆలస్యమైంది. అందువల్ల వెనుక సంతకం చేసిన ఇండోనేషియావారు ముందు విమానం ఎక్కారు. 2008 ఆగస్టులో వెళ్లిన తొలి జట్టు 208 మంది. అందులో నర్సులు 104, పరిచారకులు 104. రెండేళ్లలో వెయ్యిమందికి చోటు పెట్టుకొని మొదటి ఏడు తీసుకున్నది ఇంతే. ఖర్చులో పెద్ద భాగం పిలిపించుకొన్న ఆశ్రమమే భరించాలి. పైగా ఆశ్రమంలో ఇంతమంది వృద్ధులకు ఇంతమంది పనివారు ఉండాలన్న లెక్కలో ఈ కొత్తవారిని 2012 దాకా కలపనివ్వలేదు. డబ్బు పెట్టి తెచ్చుకున్న మనిషి పని చేస్తున్నా లెక్కలో లేడు!

ఒక మంచి మాత్రం జరిగింది. దళారులను దూరం పెట్టారు. జపాను వైపు 'జిక్వెల్స్' అనే ఒకే సంస్థ, ఇండోనేషియా వైపు ప్రభుత్వ శాఖ. పనిచేసే పిల్లల నుంచి లక్షలు గుంజే ఏజెంటుకు మధ్యలో చోటు లేకుండా చేశారు. జీతం అదే పనిచేసే జపానువారితో సమానంగా ఇవ్వాలని షరతు.

ఇక శిక్షణ సంగతి. తొలి జట్టువారు జపాను భాషను ఎక్కువగా అక్కడికి వెళ్లాకే, ఆరు నెలలపాటు నేర్చుకున్నారు. దిగిన నెలలోపే రంజాన్ వచ్చింది. ఉపవాసంతో అక్షరాలు దిద్దారు. ఆ భాషకు రెండు అక్షరమాలలు, అవి చాలనట్టు చైనా నుంచి తెచ్చుకున్న కంజి బొమ్మ అక్షరాలు వేలు. 2009 తొలి నెలల్లో వారిని దేశమంతటా ఉన్న ఆశ్రమాలకు పంచారు. అక్కడ తేలిందేమంటే, తరగతిలో నేర్చుకొన్న జపానీ వేరు, తొంభై ఏళ్ల పల్లెటూరి తాత పళ్లులేని నోటితో మాట్లాడే యాస వేరు. దానికితోడు పెద్దలతో మాట్లాడటానికి ఆ భాషలో వేరే మర్యాద మాటలు, వేరే క్రియలు. మనకు 'నువ్వు', 'మీరు' తేడా ఉన్నట్టే గాని దానికి పదింతలు. ప్రతి పూటా ఎవరు ఎంత తిన్నారు, ఎంత నీరు తాగారు, విరేచనం అయిందా లేదా అన్నది జపానీలోనే వ్రాసి రాత్రి డ్యూటీవారికి అప్పజెప్పాలి. మనిషిని నడుం నొప్పి రాకుండా మంచం మీదనుంచి చక్రాల కుర్చీలోకి మార్చటం వారం రోజులలో వస్తుంది. ఆ నాలుగు వరుసలు వ్రాయటానికి ఏళ్లు పట్టింది.

వెళ్లినవారిలో చాలామంది స్వదేశంలో నర్సింగ్ చదివినవారే. నర్సుగా వెళ్లటానికి రెండేళ్ల అనుభవం కావాలి, అది లేనివారు పరిచారకులుగా పేరు ఇచ్చుకున్నారు. ఇంజక్షను వేయటం నేర్చిన చేత్తో ఇప్పుడు డైపర్లు మార్చాలి. ఇండోనేషియాలో కూడా మనలాగే వృద్ధాశ్రమం అంటే దిక్కులేనివారు ఉండే చోటనే భావం. కొడుకులు కోడళ్లు ఉన్న పెద్దలు ఇంతమంది ఒకేచోట మంచాల మీద ఉండటం చూసి ఆ పిల్లలకు మొదట ఎట్లా ఉండి ఉంటుంది? మన దాదీ అడిగిన ప్రశ్న వారి ఇళ్లలోనూ ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

దీన్‌కు సంబంధించిన విషయాలలో ఒక్కొక్క ఆశ్రమంలో ఒక్కొక్క పద్ధతి నడిచింది. కొన్నిచోట్ల హిజాబుకు అభ్యంతరం చెప్పలేదు, కొన్నిచోట్ల పని వేళల్లో వద్దన్నారు. నమాజుకు ఒక మూల గది చూపినవారున్నారు, భోజన విరామంలోనే చదువుకోమన్నవారున్నారు. పందిమాంసం ఒక్కటి మానేస్తే చాలదు, సాసులోను, మిఠాయిలోను ఏమి కలిసిందో డబ్బా మీద కంజిలో చదువుకోవాలి. అన్నిటికంటె కష్టం స్నానాల గది. పరాయి ఆడవారికి మగవారు, మగవారికి ఆడవారు స్నానం చేయించవలసి వస్తుంది. రోగి సేవలో అవసరానికి వెసులుబాటు ఉంటుందని కొందరు సమాధానపడ్డారు, కొందరు ఆశ్రమంవారితో మాట్లాడుకొని పనులు మార్చుకున్నారు. 2009, 2010, 2011 సంవత్సరాలలో రంజాన్ ఆగస్టులోనే మొదలైంది. జపాను ఆగస్టు మన ఏప్రిల్‌కు తీసిపోదు. రోజా ఉండి, ఆవిరి నిండిన స్నానాల గదిలో వరుసగా పదిమంది వృద్ధులను తోమటం ఎట్లాంటిదో మన ఇళ్లలో మంచానపడ్డ పెద్దలను చూసుకున్న తల్లులకు చెప్పనక్కరలేదు. రోజాతో పనిచేస్తే చేతిలోని వృద్ధుడు జారితే ఎవరిది బాధ్యత అని ఆశ్రమాలవారు భయపడటంలో కూడా న్యాయం లేకపోలేదు.

అసలు గండం పరీక్ష. నర్సులకు మూడేళ్లలో మూడు అవకాశాలు. పరిచారకులకు మూడేళ్లు పనిచేసిన తర్వాతగాని పరీక్షకు అర్హత రాదు, గడువు నాలుగేళ్లు. అంటే ఉన్నది ఒక్క అవకాశం. తప్పితే ఇంటికి పోవటమే. 2009లో మొదటిసారి నర్సుల పరీక్షకు కూర్చున్న ఇండోనేషియావారు 82 మంది. ప్యాసైనవారు సున్న. మరుసటి ఏడు ఫిలిప్పీన్సువారితో కలిపి 254 మంది వ్రాస్తే ముగ్గురు గట్టెక్కారు. సొంత దేశంలో నర్సులుగా పనిచేసి వచ్చినవారి గతి ఇది.

వాళ్లకు పని రాక కాదు. 'జొకుసో' అనే మాట ఉన్నది. పడక పుండ్లు అని అర్థం. మంచాన పడినవారిని గంట గంటకూ కదిలించకపోతే ఒంటి కింద పడే పుండ్లు. ఆ పుండు చూస్తే ఆ పిల్లలు నిద్రలో లేచి కట్టు కడతారు. కాని దానిని వ్రాసే రెండు కంజి అక్షరాలు మామూలు జపానువారు కూడా తడుముకొనేవి. 'గోఎన్' అని మరొకటి. మెతుకు దారి తప్పి ఊపిరితిత్తుల వైపు పోవటం. మనం పొలమారింది అంటాం, ఎవరో తలుచుకుంటున్నారని నవ్వి ఊరుకుంటాం. ముసలివారికి పొలమారటం నవ్వులాట కాదు, దానితో న్యుమోనియా వచ్చి పోయినవారు ఎందరో. ఈ మాట తెలియకుండా పరిచారకురాలు ఉండకూడదు, నిజమే. అయితే తెలియవలసింది సంగతా, అక్షరమా? జపాను పత్రికలలోను, పార్లమెంటులోను ఈ గొడవ జరిగింది. ఇది పరిచర్య పరీక్షా, కంజి పరీక్షా అని అడిగినవారు అక్కడివారే. చివరికి 2013 పరీక్షల నుంచి ఈ ఒప్పందం మీద వచ్చినవారికి కంజి పక్కన చదివే తీరు చిన్న అక్షరాలలో ముద్రించారు, పరిచారకులకు వ్రాయటానికి సమయం ఒకటిన్నర రెట్లు చేశారు.

ఆ మార్పు రాకముందే, 2012 జనవరిలో తొలి జట్టు పరిచారకులు తమ ఒకే ఒక్క పరీక్ష వ్రాశారు. మార్చిలో ఫలితాలు వచ్చాయి. 95 మంది వ్రాస్తే 36 మంది ప్యాసయ్యారు. ఒక్కరు తప్ప అందరూ ఇండోనేషియావారే. ఆ ఏడు జపానువారితో సహా మొత్తం ఫలితం నూటికి 64 దాకా ఉంది. పరాయి భాషలో, పగలంతా పని చేసి రాత్రి చదివినవారికి నూటికి 38 రావటం తక్కువని మేము అనలేం. మంచి మార్కులకు దగ్గరగా వచ్చి తప్పినవారికి ఇంకో ఏడాది గడువిచ్చారు. అయితే ఇక్కడ ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. ప్యాసై, ఎంతకాలమైనా ఉండవచ్చునని అనుమతి దొరికినవారిలో కూడా కొందరు ఇంటికి వెళ్లిపోయారు. పెళ్లి, పిల్లల చదువు, ఊళ్లో తమ తల్లిదండ్రుల అనారోగ్యం. ఖర్చంతా మేము పెట్టి చదివిస్తే వెళ్లిపోయారే అని ఆశ్రమాలవారు వాపోయారు. పరాయి తల్లిదండ్రులను నాలుగేళ్లు చూసినవారు సొంత తల్లిదండ్రులను చూసుకోవటానికి వెళితే తప్పు పట్టేదెవరు? అయినా ఆశ్రమంవారి నష్టమూ నష్టమే.

ఈ అనుభవంతో ఒకటి దారికి వచ్చింది. 2014లో వియత్నాంవారు అదే ఒప్పందం పద్ధతిలో వచ్చేటప్పుడు, ముందు తమ దేశంలోనే పన్నెండు నెలలు భాష నేర్పి, 'ఎన్3' అనే మూడో స్థాయి పరీక్ష ప్యాసైతేనే విమానం ఎక్కించారు. వారి తొలి జట్టు పరిచారకులు పరీక్ష వ్రాసినప్పుడు పదిమందిలో తొమ్మిదిమందికి పైగా గట్టెక్కారు. పిల్లలు తెలివైనవారా కారా అన్నది కాదు, బయలుదేరకముందు ఎన్ని నెలలు కూర్చోబెట్టి నేర్పారన్నదే తేడా.

ఆ తర్వాత జపాను తలుపులు బాగా తెరిచింది. 2017 నవంబరులో 'టెక్నికల్ ఇంటర్న్' పద్ధతిలో సంరక్షణ పనిని చేర్చారు. 1993లో పుట్టిన ఈ పద్ధతికి నేర్చుకోవటం అని పేరేగాని, యజమానిని మార్చుకొనే వీలు లేక, పంపిన ప్రైవేటు సంస్థలకు అప్పులు పడి నలిగిపోయినవారు చాలామంది. చివరికి దానిని తీసివేసి వేరే పద్ధతి పెట్టటానికి 2024లో చట్టం చేశారు. 2019 ఏప్రిల్ నుంచి 'నిర్దిష్ట నైపుణ్య' వీసా మొదలైంది. దీనికి సంరక్షణ పనిలో ఒక పరీక్ష, మామూలు జపానీలో ఒకటి, సంరక్షణకు కావలసిన జపానీలో ఒకటి. మొదటి ఐదేళ్లకు సంరక్షణ రంగానికి 60,000 మంది అన్నారు, 2024 నుంచి ఐదేళ్లకు 1,35,000 అన్నారు. 2040 నాటికి 27 లక్షల 20 వేలమంది పనివారు కావాలని, 2022లో ఉన్నవారికంటె ఇది 5 లక్షల 70 వేలు ఎక్కువని వారి ప్రభుత్వమే లెక్క కట్టింది. కొరత తీర్చుకోవటానికి కాదన్న పాత మాట ఇప్పుడు ఎవరూ అనటం లేదు.

మన దేశం కూడా 2017లో ఇంటర్న్ పద్ధతికి, 2021 జనవరిలో ఈ కొత్త వీసాకు జపానుతో ఒప్పందపత్రాలు వ్రాసుకొన్నది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ అని విదేశాల ఉద్యోగాలకు మనుషులను పంపటానికి ప్రభుత్వాలు పెట్టిన సంస్థలే ఉన్నాయి. ప్రైవేటు ఏజెంటైతే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. తన సేవకు 30,000 రూపాయలు, దానిమీద పన్ను, ఇంతకుమించి తీసుకోకూడదు. తీసుకొన్నదానికి రసీదు ఇవ్వాలి. భాషా తరగతుల ఫీజు వేరే అని చెబుతారు. నిజమే కావచ్చు. అప్పుడు ఆ ఫీజు ఎన్ని నెలలకు, ఏ స్థాయి పరీక్షదాకా, తప్పితే వాపసు ఎంత అన్నది కాగితం మీద వ్రాయించుకోవటంలో మొహమాటపడవద్దు. పాతబస్తీలోనూ, కడపలోనూ గల్ఫు మాటలు నమ్మి నగలు తాకట్టు పెట్టిన ఇళ్లు మనకు తెలియనివి కావు.

దాదీగారి ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం ఆమెతో చెప్పాం. ఎవరి తల్లికైనా మంచంలో పక్క మార్చటం తక్కువ పని కాదు, అది తక్కువ పనిగా కనిపిస్తున్నది మనం ఇంట్లో ఊరికే చేయించుకోవటం అలవాటై. మీ దగ్గర ఎవరుంటారన్నది ఆ అమ్మాయి ఒక్కతే తేల్చవలసింది కాదు, కొడుకులు కూడా ఉన్నారు. ఆ మాటకు ఆమె మా వైపు కాకుండా కొడుకు వైపు చూసింది.

తండ్రి ఏజెంటుకు ఫోను చేసి లైసెన్సు నంబరు అడిగాడు. రేపు చెబుతానన్నాడు. ఆ రేపు వచ్చి మూడు నెలలైంది, ఇప్పుడు ఫోను ఎత్తటం లేదు. అమ్మాయి మాత్రం వంటగదిలో క్యాలెండరు వెనుకవైపున జపాను మొదటి అక్షరమాల నలభై ఆరు అక్షరాలూ వ్రాసి అంటించుకుంది. ప్రభుత్వ సంస్థలో తరగతులు ఎప్పుడు మొదలవుతాయో కనుక్కోవటానికి వచ్చే సోమవారం తండ్రితో కలిసి వెళుతోంది.